బస్తాకు స్పృహ తప్పిన ఉదయం

అది కాదే తల్లీ, బస్తా అనగానే నవ్వేస్తే ఎలా? నవ్వు తర్వాత, ముందు రాసుకో. నేను మెల్లగానే చెబుతాను, నువ్వూ మెల్లగానే రాయి. మీ అమ్మను నేను కోడలనే అంటాను, మీ నాన్నను మా వాడంటాను, మీ అత్తను మా పెద్దదంటాను. వయసంతా సూదిలో దారం ఎక్కిస్తూ గడిపినవాణ్ణి, ఈ యంత్రాల సంగతి నాకెలా తెలుసని మాత్రం అడగొద్దు. సగం కళ్ళారా చూశాను, సగం కోడలు ఏడుస్తూ చెప్పింది, ఇంకో సగం తర్వాత నవ్వుతూ చెప్పింది. రాశావా? ఊఁ.

ఆ రోజు పొద్దున కోడలు చెయ్యాల్సింది ఒకే ఒక్క పని. పది గంటలకు తన ఆఫీసులో ఒక వ్యానును పెద్దవాళ్ళకు చూపించాలి. వ్యానంటే మామూలు వ్యానే, సరుకులు వేసుకునే తెల్ల వ్యాను. చూడాల్సింది దాని లోపలి పెట్టెను. ఈ కాలపు బళ్ళలో డ్రైవరుకు తోడుగా ప్రోగ్రాములుంటాయట. దారి చెప్పేది ఒకటి. డ్రైవరు కునుకు తీస్తున్నాడేమోనని కనిపెట్టేది ఒకటి. ఆపద వస్తే అంబులెన్సుకూ ఇంటివాళ్ళకూ కబురు పెట్టేది ఒకటి. దొంగలు రాకుండా తలుపులు చూసుకునేది ఇంకొకటి. బండి ఆగిపోతే గ్యారేజీ వాళ్ళను పిలిచేది మరొకటి. ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీ చేసింది. ఇదివరకు దేని పెట్టె దానిదే, దేని తీగలు దానివే. అన్నిటినీ ఒకే పెట్టెలో కూర్చోబెట్టి, ఒకదానికి తెలిసిన సంగతి మిగతావాటికీ తెలిసేలా చేసి, కొట్టుకోకుండా కాపురం చేయించడం కోడలి ఉద్యోగం.

"అంటే అయిదుగురు తోడికోడళ్ళను ఒకే వంటింట్లో పెట్టడమన్నమాట," అన్నాను ఒకసారి.

"తోడికోడళ్ళయితే నయం మామయ్యా. కనీసం మూతి ముడుచుకుంటే తెలుస్తుంది. ఇవి అలిగితే బండే కదలదు," అంది.

మొదట్లో నిజంగానే అలిగేవి. దారి చెప్పేది మాట్లాడుతుంటే కునుకు కనిపెట్టేది నోరు మూసుకునేది. తలుపుల ప్రోగ్రాము లేస్తే గ్యారేజీది పడుకునేది. కోడలు అన్నం దగ్గర కూడా వాటి గొడవలే చెప్పేది. ఎలా లొంగదీసిందో గాని, చివరికి ఎంత ఐకమత్యం వచ్చిందంటే, ఒకటి ఏది చెబితే మిగతా నాలుగూ మారు మాట్లాడకుండా నమ్మేసేవి. అదే తన ఘనత అనుకుంది పాపం.

కోడలిది కాంట్రాక్టు ఉద్యోగం. తనదే కాదు, తనతో ఒకే గదిలో పనిచేసేవాళ్ళందరిదీ అంతే. వాళ్ళ మేనేజరును అందరూ వెనకాల అర్జెంటు గారంటారు, ఆ మాట లేకుండా ఆయన మంచినీళ్ళు కూడా అడగడు. ఆయన కొన్నాళ్ళుగా ఒకటే పాట: "అమ్మా, ఇది పాసవ్వాలి. పాసైతేనే మనం. ఫెయిలైతే ఈ కుర్చీలు మనవి కావు. అర్జెంటు!" ఆ మాట కోడలి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉండేది. రాత్రిళ్ళు నిద్రలో కూడా వేళ్ళు టైపు కొట్టేవని మా వాడు చెప్పాడు.

మా వాడి సంగతి కూడా చెప్పాలి. ముందురోజు సాయంత్రమే వాడికి జ్ఞానదంతం పీకారు. ఉన్న ఒక్క జ్ఞానమూ పోయిందిరా అన్నాను, నవ్వబోయి విలవిలలాడాడు. బుగ్గ ఉబ్బి, నోటి నిండా దూది. దూది కొరికిపట్టి ఉండాలని, మాట్లాడితే రక్తం ఆగదని పళ్ళ డాక్టరు గట్టిగా చెప్పింది.

"ఏమండీ, మాత్ర వేసుకోండి. నోరు విప్పకండి," అంది కోడలు చెప్పులు వేసుకుంటూ.

"ఊఁ."

"మామయ్యా, ఈయన మాట్లాడితే నాకు ఫోను చెయ్యండి."

"పెళ్ళయ్యాక వాడు మాట్లాడిందెప్పుడమ్మా, నువ్వు వెళ్ళిరా," అన్నాను. ఇంకో రోజయితే ఏదో ఒకటి తిరిగి అనేది. ఆ రోజు వినిపించుకోనే లేదు. సంచీలో వ్యాను తాళం ఉందో లేదో రెండుసార్లు చూసుకుని మెట్లు దిగిపోయింది.

ఇక బస్తా. సీట్లో మనిషి బరువు లేకపోతే ఆ పెట్టె పని మొదలుపెట్టదు. ఎదురుగా కెమెరాకు మనిషి మొహం కనిపించకపోయినా మొదలుపెట్టదు. రోజంతా ఖాళీ బండిలో కూర్చునే మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుకని ఈ పరీక్షలు చేసేవాళ్ళంతా డ్రైవరు సీట్లో ఒక ఇసుక బస్తాను కూర్చోబెట్టి బెల్టు పెడతారట. కోడలు మా వాణ్ణి త్రాసు ఎక్కించి, అంత బరువు బస్తా కట్టించింది. మా వాడి ఫొటో మనిషి మొహమంత పెద్దగా అచ్చువేయించి, అట్టకు అంటించి, ఆ అట్టను బస్తా మూతికి టేపుతో అతికించింది. పెట్టె అడిగిన వివరాలన్నీ కూడా మా వాడివే ఇచ్చింది. పేరు, వయసు, ఆపదలో కబురు పెట్టాల్సిన బంధువులు. దొంగ నంబర్లిస్తే పెట్టె ఒప్పుకోదు, ఆ ఫోనుకే ఒక అంకె పంపి తిరిగి చెప్పమంటుంది. అందుకని మా ఇంటి నంబరూ, మా పెద్దదాని నంబరూ ఇచ్చింది. "వదినా, మీకో అంకె వస్తుంది, కాస్త చదువుతారా," అని అడిగితే, "దేనికో చెప్పకుండా నేనెవరికీ ఏదీ చదవను," అని కాసేపు తనిఖీ చేసి మరీ చదివింది మా పెద్దది. అది బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు కదా, ఆ గుణం ఎక్కడికి పోతుంది?

ఆఫీసు వెనక పెరట్లో వ్యాను నిలబెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి, బస్తా బెల్టు సరిచూసి, కోడలు మేడమీద మీటింగు గదిలోకి వెళ్ళింది. అక్కడ గోడమీద పెద్ద తెర. తెరమీద అయిదు ప్రోగ్రాములకు అయిదు గళ్ళు, అన్నీ పచ్చగా. ఆ పెట్టెను కొనే కంపెనీ వాళ్ళు ముందే వచ్చేశారు. ముగ్గురిలో పెద్దావిడ నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. కళ్ళజోడు మేడం అనుకుందాం. ఆవిడ ఏమీ మాట్లాడదు, టీ కప్పు మీదుగా తెరనే చూస్తుంది. మాట్లాడనివాళ్ళను చూస్తే కోడలికి మరీ భయం.

పెరట్లో ఎండ సరిగ్గా వ్యాను అద్దంమీద పడింది. టేపుకు ఎండ పడదు. పైనున్న ముక్క మెల్లగా జిగురు వదిలింది. మా వాడి మొహం బస్తా గుండెలమీదికి వాలిపోయింది.

కునుకు కనిపెట్టే ప్రోగ్రాము చూసింది. తల వాలింది, కళ్ళు కనబడటం లేదు. మర్యాదగా అడిగింది: "మీరు బాగున్నారా?" బస్తా పలకలేదు. ఇంకాస్త గట్టిగా అడిగింది. బస్తా పలకలేదు. మూడోసారి హారను మోగించి మరీ అడిగింది. ఇసుకకు అంత నిబ్బరం ఉంటుందని దానికేం తెలుసు? డ్రైవరుకు స్పృహ తప్పిందని మిగతావాటికి చెప్పేసింది.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఎవరూ ఎద్దు ఎలా ఈనిందే అని అడగలేదు. కబురు పెట్టేది అంబులెన్సును పిలిచింది. దారి చెప్పేది వాళ్ళకు దారి చెప్పింది. తలుపులది, తెలివి తప్పిన మనిషిని దొంగలు దోచుకుంటారేమోనని తాళాలన్నీ బిగించేసింది. గ్యారేజీది, బండి నడిపేవాడు లేడు గనక లాక్కెళ్ళండని క్రేను బండికి చెప్పింది. మేడమీద తెరమీద అయిదు గళ్ళూ వరసగా ఎర్రబడ్డాయి, ఒక్కటి కూడా తడబడకుండా.

"ఇది మీ ప్రదర్శనలో భాగమేనా?" అంది కళ్ళజోడు మేడం. ఆవిడ మొదటి మాట అదే.

"భాగమే మేడం, భాగమే, అర్జెంటు భాగం," అన్నాడు అర్జెంటు గారు, చెమట తుడుచుకుంటూ.

కోడలు అప్పటికే మెట్లమీద ఉంది. రెండేసి మెట్లు దూకుతూ పెరట్లోకి పరుగెత్తింది. వ్యాను తలుపు లాగితే రాదు. తాళంతో తీస్తే రాదు. కబురు రద్దు కావాలంటే డ్రైవరు తన చేత్తో స్టీరింగు మీద 'నేను బాగున్నాను' అనే మీట నొక్కాలి. బయటివాళ్ళెవరూ రద్దు చెయ్యకూడదు, దొంగవాడు రద్దు చేసేస్తే? అలా ఆలోచించి ఆ కట్టుదిట్టం పెట్టింది తనే. అద్దంలోంచి చూస్తే లోపల బస్తా ప్రశాంతంగా ఉంది. మా వాడి మొహం ఊడి దాని ఒళ్ళోకి జారి, వెల్లకిలా పడి, పైకి చూస్తూ నవ్వుతోంది.

"నొక్కు! ఒక్కసారి నొక్కు!" అని అద్దం మీద కొట్టింది కోడలు. బస్తాతో మాట్లాడుతున్నానని తెలిసేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇక్కడ మా ఇంట్లో ఫోను మోగింది. నేనే ఎత్తాను. ఎవరో ఆడగొంతు, రైల్వే స్టేషన్లో చెప్పినట్టు, మా వాడి పేరు చెప్పి, ఫలానా చోట, ఫలానా బండిలో స్పృహ లేకుండా ఉన్నారంది. నేను ఫోను పక్కన పెట్టి వాలుకుర్చీ వైపు చూశాను. వాడు బుగ్గమీద ఐసు ముక్క పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్, నీకు స్పృహ లేదటరా," అన్నాను.

వాడు తనను తాను చూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఏదో తోచినట్టు లేచి నిలబడ్డాడు. ఆ బండి దగ్గరున్నది తన పెళ్ళాం. అందులో స్పృహ లేకుండా ఉన్నది తను కాకపోతే మరెవరు? గుమ్మం దగ్గర కోడలి చెప్పులుండే ఖాళీ జాగాను చూపించాడు. ఆ ఖాళీని చూసేసరికి నాకూ అదే అనుమానం వచ్చింది తల్లీ. నవ్వుతున్నావు గాని, ఆ క్షణం మా ఇద్దరి మొహాల్లో నెత్తురు లేదు. వాడి మూతి దగ్గర తప్ప.

కోడలికి ఫోను చేస్తే ఎత్తదు. ఎలా ఎత్తుతుంది, ఫోను మీటింగు గదిలో బల్లమీద ఉంది. అంతలో మా వాడి ఫోనుకు మా పెద్దది.

"తమ్ముడూ! ఎలా ఉన్నావురా?"

"ఊఁ... ఊఁఊఁ..."

"అయ్యో దేవుడా, మాట పడిపోయింది! చెయ్యి కదులుతోందా? కాలు కదులుతోందా?"

"ఊఁ! ఊఁ ఊఁ!"

నేను ఫోను లాక్కున్నాను. "అమ్మా... విషయమేమిటంటే... నిన్న సాయంత్రం..." అని మొదలుపెట్టాను. నా మాట సంగతి నీకు తెలిసిందే, ఎద్దుల బండి.

"నిన్న సాయంత్రం నుంచీ ఇలా ఉన్నాడా! నాకు ఇప్పుడా నాన్నా చెప్పడం!" అని ఫోను పెట్టేసింది. పన్ను అనే మాట నా నోట్లోనే ఉండిపోయింది.

మేమిద్దరం టాక్సీ ఎక్కాం. దారి పొడుగునా మా వాడు ముందు సీటు పట్టుకుని వంగి కూర్చున్నాడు. దూది తడిసి గడ్డంమీదికి ఎర్రగా కారుతోంది. టాక్సీ అతను అద్దంలో చూసి, "ఆసుపత్రికి కదండీ?" అన్నాడు. "కాదు నాయనా, ఆఫీసుకి," అన్నాను. "ఇంతగా పని చేయించుకుంటారా!" అన్నాడతను.

అక్కడికి మాకన్నా ముందు అంబులెన్సు చేరింది. వాళ్ళ దగ్గర రహస్య అంకె ఉంటుంది, అది నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. అంబులెన్సులో ఒక లావుపాటి పెద్దాయన, తొందర తెలియని మనిషి. తలుపు తీశాడు, లోపలికి వంగాడు, నాడి చూద్దామని చెయ్యి కోసం వెతికాడు.

"అమ్మా, పేషెంటెవరు?"

"బస్తా అండీ."

"నాకిచ్చిన పేరు అది కాదే."

"పొరపాటండీ. ఇది పరీక్ష. లోపల ఎవరూ లేరు. మీరు వెళ్ళిపోండి, దండం పెడతాను, మేడమీద పెద్దవాళ్ళున్నారు," అంది కోడలు మీటవైపు చెయ్యి చాస్తూ.

"ఆగమ్మా, ఏదీ ముట్టుకోకు. పేషెంటు దొరకలేదని నొక్కానంటే బండిలోంచి మనిషి మాయమయ్యాడని పోలీసులకు వెళుతుంది. మాకూ ఈమధ్యే అన్నీ కలిపేశారు. ఎవరో ఒకరిని ఎక్కించుకుంటే గాని నా బండి కదలదు."

సరిగ్గా అప్పుడు మా టాక్సీ ఆగింది. మా వాడు తలుపు తీసుకుని పరుగెత్తాడు. కోడలు రెండు కాళ్ళమీదా నిలబడి ఉండటం చూసి, ఆగి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, ఆయాసంతో అక్కడే మోకాళ్ళమీద కూలబడ్డాడు. మూతి నిండా రక్తం. అంబులెన్సు పెద్దాయన బస్తా ఒళ్ళోంచి ఫొటో తీసి తలుపు వేశాడు, తాళాలు మళ్ళీ బిగుసుకున్నాయి. ఫొటోను చూశాడు, మా వాణ్ణి చూశాడు. పేరడిగాడు. "ఊఁ," అన్నాడు మా వాడు. ఆ పేరు వాడిదే కదా, కాదని ఎలా అంటాడు?

"దొరికాడు," అన్నాడు పెద్దాయన తృప్తిగా. కన్ను మూసి తెరిచేలోగా మా వాణ్ణి స్ట్రెచరు మీద పడుకోబెట్టి పట్టీలు బిగించారు.

"ఆయనకేం కాలేదండీ! పన్ను పీకించుకున్నారంతే!" అంది కోడలు.

"తలకు దెబ్బ తగిలినవాళ్ళ ఇంటివాళ్ళు ఇలాగే అంటారమ్మా. ధైర్యంగా ఉండండి."

నేను చెబుదామని, "బాబూ... అసలు... నిన్న సాయంత్రం..." అన్నాను. నన్ను కూడా కూర్చోబెట్టి బీపీ చూశారు.

ఇంతలో పెరటి గేటు దగ్గర పెద్ద హారను. చూస్తే బస్సు. నిండా జనంతో ఉన్న బస్సు. మా పెద్దది ఫుట్‌బోర్డు మీద నిలబడి, చేతిలో టికెట్ల మిషనుతో, ఆగకముందే దూకింది. కబురు అందినప్పుడు అది ఆ బస్సులోనే తనిఖీలో ఉంది. "నా తమ్ముడు పోతున్నాడు, బండి తిప్పు," అంటే డ్రైవరు కాదనలేకపోయాడు. ఇన్‌స్పెక్టరు మాట కాదంటే రేపు తన గతేమిటి? జనం కూడా దిగారు. ఒకాయన పేపరుతో మా వాడికి విసరడం మొదలుపెట్టాడు. ఒక ముసలావిడ కాళ్ళు రుద్దమంది, ఇంకొకావిడ రుద్దొద్దంది. కిటికీలోంచి ఒకడు, "మా స్టాపు ఎప్పుడొస్తుందండీ?" అని అరుస్తూనే ఉన్నాడు.

"తమ్ముడూ!" అంటూ మా పెద్దది స్ట్రెచరు మీద పడింది.

మా వాడు పట్టీల్లోంచే తల ఎత్తి, చెయ్యి ఊపి, దూది మధ్యనుంచి, "అఖ్ఖా... భాగానే..." అన్నాడు.

"పడుకో! నీకు స్పృహ లేదు!"

"వదినా, ఆయన బాగానే ఉన్నారు, మీతో మాట్లాడుతున్నారుగా!"

"నువ్వు చెప్పకు." మా పెద్దది ఫోను తీసి కోడలి మొహం ముందు పెట్టింది. "ఇందులో ఇంకా ఎర్రగానే ఉంది. చూశావా? 'స్పృహ లేదు' అనే ఉంది. ఇది పచ్చబడేదాకా వీణ్ణి కదలనివ్వను." బతుకంతా మనిషి మాట నమ్మకుండా చేతిలో ఉన్నది చూపించమనే ఉద్యోగం చేసిన మనిషి. ఎదురుగా తమ్ముడు కళ్ళు తెరుచుకున్నా టికెట్ లేని ప్రయాణికుడికిందే లెక్క.

క్రేను బండి కూడా వచ్చేసింది. దాని మనిషి ఎవరినీ అడగలేదు, అతనికి ఆర్డరు అందింది. వ్యాను వెనక చక్రాలకు కొక్కెం తగిలించి ఎత్తడం మొదలుపెట్టాడు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అంటారే, అంతే. అదే సమయానికి మేడమీదినుంచి కొనే కంపెనీవాళ్ళు ముగ్గురూ మెట్లు దిగి వచ్చారు. వెనకాల అర్జెంటు గారు, మొదటిసారి ఏ తొందరా లేకుండా.

కోడలు వాళ్ళను చూసింది. బస్సును చూసింది. స్ట్రెచరును చూసింది. "అయిపోయింది మామయ్యా," అంది నాతో, చాలా నెమ్మదిగా. "మా గదిలో అందరివీ పోయాయి. నా ఒక్కదానివల్ల." ఆ గొంతు విన్నాక నాకు బస్తా మీద, పన్ను మీద, లోకం మీద కోపం వచ్చింది.

వ్యాను వెనక భాగం గాలిలోకి లేచింది. లోపల బస్తా ముందుకు ఒరిగింది. ఒరిగి, స్టీరింగు మీద బోర్లా పడింది. పడటం పడటం, ఆ మీటమీదే పడింది.

"డ్రైవరు తేరుకున్నారు," అంది వ్యాను అందరికీ వినబడేలా. "సహకరించినందుకు ధన్యవాదాలు."

అంబులెన్సు పెద్దాయన చేతిలో ఏదో కూసింది. ఆయన చూసుకుని మా వాడి పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. "లేవండి, మీకు తగ్గిపోయింది. కేసు మూసేశారు."

మా వాడు గభాలున లేచాడు. రాత్రినుంచి తిండిలేదు, రక్తం పోయింది, ఎండ. రెండడుగులు వేశాడు. కళ్ళు పైకి తిరిగాయి. నిజంగానే స్పృహ తప్పి అక్క చేతుల్లో పడ్డాడు.

"చెప్పానా!" అని అరిచింది మా పెద్దది.

"బాబూ, పట్టుకో!" అన్నాను అంబులెన్సు ఆయనతో.

"ఇప్పుడే బాగైపోయాడని వచ్చిందండీ," అన్నాడాయన అయోమయంగా ఫోనుకేసి చూస్తూ. పాపం మంచివాడే, అంటూనే నీళ్ళు చల్లాడు. బస్సులో ఎవరో పంచదార ఇచ్చారు. మా వాడు కళ్ళు తెరిచాడు. తెరిచాక చుట్టూ ఉన్న జనాన్ని చూసి, మళ్ళీ మూసుకుంటే బావుండునన్నట్టు చూశాడు.

అప్పుడు పడింది మా పెద్దదాని చూపు, నేలమీద పడి ఉన్న ఫొటోమీద. తీసింది. వెనక టేపు చూసింది. వ్యానులో బస్తాను చూసింది. బస్సు జనానికి కూడా అప్పుడే అర్థమై, ఎవరో కిసుక్కున నవ్వారు.

"నా తమ్ముడి మొహం," అంది కోడలితో, "బస్తాకు అంటించావా?"

"పరీక్ష కోసం వదినా..."

"నా తమ్ముడు నీకు ఇసుక బస్తాలా కనిపించాడా? బరువు కూడా తూచి మరీ కట్టించావా? ఈ బస్తా కోసమా నేను బస్సు తిప్పింది? రేపు నా పై అధికారికి ఏం చెప్పుకోను, బస్తాకు కళ్ళు తిరిగాయనా?"

కళ్ళజోడు మేడం ముందుకొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది. కోడలితో కాదు, మా పెద్దదానితో మాట్లాడింది.

"అమ్మా, మీకు కబురు వచ్చాక ఇక్కడికి దారి ఎవరు చెప్పారు?"

"ఈ ఫోనే చెప్పింది. సందులు కూడా తప్పకుండా చెప్పింది, దాని మొహం మండ."

"మరి ఇప్పుడు ఆయన తేరుకున్నారని మీకు కబురొచ్చిందా?"

"ఏదీ? ఇదిగో, ఇంకా ఎర్రగానే ఉంది. వ్యాను చెప్పింది, అంబులెన్సుకు చెప్పింది. నాకెవరు చెప్పారు? నేనేం కానిదాన్నా?"

మేడం తల ఊపింది. ఆ ఫోనును తన పక్కవాళ్ళకు చూపించింది. కోడలివైపు తిరిగి, "అయిదూ బాగా కలిసి పనిచేశాయి. మరీ బాగా కలిశాయి. ఏదీ ఇంకోదాన్ని అనుమానించలేదు. పైగా ఆపద తీరిందని ఇంటివాళ్ళకు చెప్పేది ఒక్కటీ లేదు. దీన్ని నేను పాస్ చెయ్యలేను," అంది.

కోడలు తల దించుకుంది. అర్జెంటు గారు చెయ్యెత్తాడు. "మేడం, అర్జెంటుగా సరిచేస్తాం..."

"అర్జెంటుగా వద్దు. ఏడాది తీసుకోండి, డబ్బు మేమిస్తాం. ఈ అమ్మాయి, ఈమె గదిలో ఉన్నవాళ్ళంతా ఉండాల్సిందే. నిజానికి ఇవాళ పాసైతే కలిపే పని అయిపోయినట్టేనని, నెలాఖరుకు వీళ్ళందరినీ పంపించేద్దామని మీరేగా ఖర్చుల లెక్కలో మాకు రాసిచ్చారు?"

కోడలు మేనేజరుకేసి చూసింది. ఆయన క్రేను బండి కొక్కెంకేసి చూశాడు. పాసైతేనే మనం, పాసైతేనే మనం అని ఇన్నాళ్ళు నిద్ర లేకుండా చేసిన మనిషి! పాసైతే పోయేది, ఫెయిలైంది గనక నిలబడింది. కోడలు అక్కడే వ్యాను మెట్టుమీద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేసింది. మా వాడు పక్కన కూర్చుని, "ఊఁ," అన్నాడు. ఆ ఊఁకి అర్థం ఆ పిల్లకొక్కదానికే తెలుసు.

మా పెద్దది మాత్రం నవ్వలేదు. బస్సెక్కి, జనాన్ని ఎక్కించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. బస్సుల ఆఫీసువాళ్ళు దాన్ని సంజాయిషీ అడిగారట, బస్సు ఆ పెరట్లోకి ఎందుకెళ్ళిందని. తర్వాత వదిలేశారట గాని, దాని మనసు వదల్లేదు.

ఇప్పుడు కోడలు ఆరోదాన్ని తయారుచేస్తోంది తల్లీ. అంతా క్షేమం అని ఇంటివాళ్ళకు కబురు పెట్టేదాన్ని. మొన్న మొదటిసారి ఆడించి చూసింది, మీ అత్తకే పంపింది. అది వెళ్ళలేదు. మీ అత్త ఆ కబుర్లొచ్చే నంబరును ఎప్పుడో బ్లాకు చేసేసింది.

అందుకని ఇది పట్టుకుని నువ్వే వెళ్ళు. ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని మీ అత్తకు చదివి వినిపించు. మెల్లగా చదువు, నాలాగ. బస్తాకు మొహం అంటించిన చోట మాత్రం కాస్త తొందరగా దాటెయ్యి. మీ అమ్మ చెడ్డబుద్ధితో చెయ్యలేదని, ఇంట్లో అందరం బాగున్నామని చెప్పు. బాగాలేదని చెప్పడానికి ఆ పెట్టెకు క్షణం చాలింది, బాగున్నామని చెప్పడానికి ఏడాది కావాలట, అదీ జీతాలిచ్చి మరీ.